ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది? మన మెయిన్ బోర్డు వెనకున్న చరిత్ర

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. లేచి మీ ఇంట్లో మెయిన్ బోర్డు దగ్గరికెళ్లి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుని రండి. దేన్నీ ముట్టుకోవద్దు, ఫొటో చాలు. హాస్టల్లో ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసి తమ్ముడినో చెల్లినో తీసి పంపమనండి. చివర్లో ఆ ఫొటోతో పనుంది.

ముందు మా ఇంటి సంగతి చెప్తా. 2018 జూన్. గుంటూరులో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. వాషింగ్ మెషీన్ వెనక బాల్కనీలో ఉండేది. తొలకరి వాన పడిన రోజు నుంచి ఒకటే గొడవ. మెషీన్ ఆన్ చేస్తే ఇల్లంతా కరెంటు పోతుంది. బోర్డులో ఒక వెడల్పాటి స్విచ్ కింద పడిపోయి ఉండేది. దాన్ని పైకి లేపితే కాసేపు నిలబడేది, మళ్లీ పడిపోయేది. రెండు రోజులు ఓపిక పట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆయనొచ్చి పది నిమిషాలు చూసి, "ఈ బాక్సు పాడైపోయింది సార్, తీసేసి డైరెక్ట్ ఇచ్చేశా, ఇంక పడదు" అన్నాడు. నిజంగానే పడలేదు. మా నాన్న సంతోషంగా 300 ఇచ్చి పంపించాడు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మ మెషీన్‌లోంచి తడి బట్టలు తీస్తోంది. నేను ముందు గదిలో ఫోన్ చూసుకుంటున్నా. ఏదో చిన్న మూలుగు లాంటిది వినిపించింది. కేక కూడా కాదు. బాల్కనీలోకి తొంగి చూస్తే అమ్మ డ్రమ్ము అంచు పట్టుకుని వంగిపోయి ఉంది, చెయ్యి రావట్లేదు. పరిగెత్తి పట్టుకుని లాగబోయి, ఎందుకో ఆగి, వెనక్కి పరిగెత్తి మెయిన్ కొట్టేశా. అప్పుడు కింద పడింది. అరచేతిలో రెండు కాలిన మచ్చలు, భుజం బెణికింది. అంతటితో పోయింది. బతికింది.

ఆ సాయంత్రం నన్ను వదలని ప్రశ్న ఒకటే. బోర్డులో ఎంసీబీలు అన్నీ లేచే ఉన్నాయి, ఒక్కటీ పడలేదు. ఒక మనిషి ఒంట్లోంచి కరెంటు పోతుంటే అది ఎందుకు పడలేదు? "ఓవర్‌లోడ్ అయితే, షార్ట్ అయితే పడుతుంది కదా" అని అందరం అనుకుంటాం. మరి ఇంతకంటే పెద్ద షార్ట్ ఏముంటుంది? ఈ ప్రశ్నకి జవాబు కోసం వెతుకుతూ వెళ్తే నేను 1882లో తేలాను.

1882 సెప్టెంబరు 4. న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ అనే చోట ఎడిసన్ తన కరెంటు స్టేషన్ నడిపించడం మొదలుపెట్టాడు. 110 వోల్టుల డైరెక్ట్ కరెంటు, భూమిలో వేసిన కేబుళ్లు, ఇళ్లలో ఆఫీసుల్లో బల్బులు. అదే ఏడాది లండన్‌లో టెలిగ్రాఫ్ ఇంజినీర్ల సంఘం ఇళ్లలో వైరింగ్ ఎలా ఉండాలో చెప్తూ మొదటి నిబంధనల పుస్తకం వేసింది. ఇప్పటికీ బ్రిటన్‌లో నడుస్తున్న వైరింగ్ నిబంధనలకి అదే తాత. ఆ పుస్తకం పేరు తెలుగులో చెప్పుకుంటే "విద్యుద్దీపాల వల్ల కలిగే అగ్నిప్రమాదాల నివారణకు నియమ నిబంధనలు". పేరు మళ్లీ చదవండి. అగ్నిప్రమాదాలు. భయం ఇల్లు తగలబడుతుందని. అందులో ఆశ్చర్యమేం లేదు. చెక్క ఇళ్లు, వైర్లకి నూలు గుడ్డ చుట్టిన ఇన్సులేషన్, పక్కనే గ్యాస్ దీపాలు. పైగా బీమా కంపెనీలు డబ్బు కట్టాల్సింది ఇల్లు కాలితేనే. అమెరికాలో కూడా కరెంటు సామాను పరీక్షించే అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ అనే సంస్థ 1894లో బీమా కంపెనీల అవసరం లోంచే పుట్టింది. మన చార్జర్ల మీద గుండ్రటి సున్నాలో కనిపించే యూ, ఎల్ అక్షరాలు వాళ్లవే.

ఫ్యూజు ఆ కాలం బిడ్డ. ఆలోచన ఇంకా పాతది. 1847 ప్రాంతంలోనే బ్రెగె అనే ఫ్రెంచాయన టెలిగ్రాఫ్ ఆఫీసుల్లోకి పిడుగు రాకుండా మధ్యలో సన్నటి తీగ ముక్క పెట్టమని చెప్పాడు. పిడుగు పడితే ఆ ముక్క కరిగి తెగిపోతుంది, లోపల మెషీను బతుకుతుంది. ఎడిసన్ దాన్ని ఇళ్ల కరెంటుకి తెచ్చి 1890లో పేటెంట్ తీసుకున్నాడు. గోడలో వైరు వేడెక్కి నిప్పంటుకునే లోపు ఈ చిన్న తీగ ముందు తెగిపోవాలి. ఫ్యూజు ఉద్యోగం అంతే. వైరుకి కాపలా.

మీలో పాతికేళ్లు దాటినవాళ్లు తెల్లటి పింగాణీ ఫ్యూజులు చూసే ఉంటారు. మా అమ్మమ్మ వాళ్లింట్లో వసారాలో చెక్క పలక మీద రెండు ఉండేవి. ఫ్యూజు పోతే తాతయ్య పాత వైరు ఒలిచి, లోపలి సన్న రాగి పోగులు నాలుగు మెలేసి కట్టేవాడు. ఫ్యూజు వైరు కొట్టులో రూపాయికి దొరికేది, కానీ అది మళ్లీ పోతుంది కదా! రాగి పోగులు కడితే పోదు. కాపలావాడికి నిద్రమాత్ర వేసినట్టే ఇది. ఆ తర్వాత గోడలో వైరు కరిగి వాసనొచ్చే దాకా ఎవరికీ ఏమీ తెలియదు. ఇంట్లో ఎప్పుడైనా చేపల కంపు లాంటి, కాలిన ప్లాస్టిక్ లాంటి వాసన స్విచ్‌బోర్డు దగ్గర వస్తే అది లోపల ఏదో స్క్రూ వదులై ప్లాస్టిక్ ఉడుకుతోందని. ఆ లైను ఆపేసి మనిషిని పిలవడమే. బోర్డు మీద చెయ్యి పెట్టి వేడి చూడబోకండి.

తర్వాతి మెట్టు ఎంసీబీ. 1924లో జర్మనీలో హ్యూగో స్టోట్జ్ అనే ఇంజినీరు పేరుతో పేటెంట్ వచ్చింది. లోపల రెండు ఏర్పాట్లుంటాయి. రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి, మెల్లగా వేడెక్కితే వంగి స్విచ్‌ని దించేస్తుంది. ఓవర్‌లోడ్‌కి అది. రెండోది తీగచుట్ట, ఒక్కసారిగా భారీ కరెంటు వస్తే అయస్కాంతంలా లాగి కొట్టేస్తుంది. షార్ట్ సర్క్యూట్‌కి ఇది. తీగ కట్టే పని పోయింది, లేపితే చాలు. మంచి వస్తువే. కానీ ఉద్యోగం పాతదే, వైరుకి కాపలా.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మీ గదిలో లైట్ల ఎంసీబీ మీద 6 అని ఉంటుంది. అంటే 6 ఆంపియర్లు, అంటే 6000 మిల్లీ ఆంపియర్ల వరకు అది కదలదు. ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేది సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె లయ తప్పించడానికి 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర, ఒక సెకను చాలు. తడి చేతులతో ఉన్న మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులకి 230 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. 6000 దాకా ఓపిక పట్టే ఎంసీబీకి ఇది లెక్కలోకే రాదు. దాని కంటికి మా అమ్మ ఐదారు ఎల్ఈడీ బల్బులు. పడలేదంటే పాడైందని కాదు, దాని డ్యూటీలో అది లేదు.

అయితే మనుషులు చనిపోతున్నది ఆ రోజుల్లో ఎవరికీ కనపడలేదా? కనపడింది. 1889 అక్టోబరు 11న న్యూయార్క్ నడిబొడ్డున జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ స్తంభమెక్కి టెలిగ్రాఫ్ వైర్ల మధ్య పనిచేస్తున్నాడు. టెలిగ్రాఫ్ తీగలో ప్రాణం తీసేంత కరెంటు ఉండదు. కానీ ఎక్కడో దూరంగా ఆ తీగ ఒక హై వోల్టేజ్ దీపాల లైనుకి తగిలింది. మిట్టమధ్యాహ్నం, కింద జనం చూస్తుండగా ఆయన ఆ తీగల్లోనే ప్రాణం విడిచాడు. ఊరు ఊరంతా వణికింది. ఆ ఏడాది ఆఖరికి మేయరు వీధి స్తంభాలు నరికించడం మొదలుపెట్టాడు.

ఈ కథ చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది న్యూయార్క్ కాదు, మన దండేలు. పెరట్లో బట్టలారేసే ఇనుప తీగ. ఒక కొస ఇంటి రేకుకి, ఇంకో కొస సర్వీసు వైరు వచ్చే పైపుకి కట్టి ఉంటుంది. గాలికి సర్వీసు వైరు రాసుకుని రాసుకుని పైతొక్క లేస్తుంది. వానొస్తుంది. అమ్మాయో అమ్మమ్మో తడి చీర ఆరేస్తుంది. "దండెం తీగకు విద్యుత్ ప్రసరించి" అనే వార్త ప్రతి వానాకాలం మన పేపర్ల జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటుంది. ఇంట్లో ఇనుప దండెం ఉంటే ఈ రోజే విప్పేసి నైలాన్ తాడు కట్టండి. నాకు తెలిసి ఇంత చవకైన ప్రాణరక్షణ ఇంకోటి లేదు.

మనుషుల కోసం వచ్చిన మొదటి ఏర్పాటు ఎర్త్. ఫ్రిజ్జు ఒంటికి, గీజరు ఒంటికి ఒక తీగ కట్టి భూమిలోకి పంపితే, లోపల ఫేజు వైరు తెగి బాడీకి తగిలినా కరెంటు మన మీదుగా పోకుండా ఆ తీగ మీదుగా పోతుంది, ఆ దెబ్బకి ఫ్యూజు ఎగిరిపోతుంది. మన మూడు పిన్నుల గుండ్రటి ప్లగ్గు 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం లోంచి వచ్చింది. బ్రిటన్ వాళ్లు తర్వాత చదరపు పిన్నులకి మారిపోయారు, మనం దాన్నే ఉంచుకున్నాం. పైన ఉండే లావు పిన్నే ఎర్త్. అది మిగతా రెండింటికంటే పొడుగు. దోపేటప్పుడు ముందు అదే తగలాలి, పీకేటప్పుడు చివర అదే వదలాలి. లావుగా ఎందుకంటే పొరపాటున కూడా ఫేజు కన్నంలో దూరకూడదు. ఇంత ఆలోచించి చేసిన పిన్నుని మనం ఏం చేస్తాం? రెండు పిన్నుల సాకెట్లో పట్టట్లేదని పీకేస్తాం. లేదా ప్లగ్గే లేకుండా వైర్లు ఒలిచి కన్నాల్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చుతాం. నేనూ గుచ్చాను, దాచుకోవడం ఎందుకు.

మీ ఫోన్ చార్జర్‌కి రెండే పిన్నులెందుకని అడుగుతారు, చెప్తా. దాని మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది చూడండి. లోపల ఇన్సులేషన్ రెండు వరసలు ఉందని, ఎర్త్ అక్కర్లేదని దానర్థం. చార్జింగ్‌లో ఉన్న ఫోను మెటల్ అంచు తాకితే సన్నగా గరగరలాడుతుంది కదా, మంచి చార్జర్లలో అది ఒక చిన్న కెపాసిటర్ నుంచి వచ్చే మిల్లీ ఆంపియర్‌లో నాలుగో వంతు కంటే తక్కువ కరెంటు, ప్రమాదం కాదు. బజార్లో బండి మీద కొన్న వంద రూపాయల చార్జర్‌కి ఈ హామీ లేదు. గుర్తు ముద్రించడానికి ఖర్చేముంది?

మళ్లీ ఎర్త్ దగ్గరికి. మనకి హైదరాబాదులో 1920లోనే హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ స్టేషన్ వచ్చింది. కరెంటు వచ్చి వందేళ్లు దాటింది. ఎర్త్ మాత్రం చాలా ఇళ్లకి ఇంకా రాలేదు. గోతిలో పైపు పాతి బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం బకెట్ నీళ్లు పోసే అలవాటు పాత ఇళ్లలో ఉండేది. అపార్టుమెంట్లలో ఆ గొయ్యి ఎక్కడుందో వాచ్‌మన్‌కి కూడా తెలియదు. ఇంకో పెద్ద మోసం, ఎర్త్ లేని చోట సాకెట్ వెనక న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి కలిపేయడం. టెస్టు చేస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగితే ఫ్రిజ్జు ఒళ్లంతా 230 వోల్టులు.

పోనీ ఎర్త్ సరిగ్గానే ఉందనుకుందాం. దాని నిరోధం 10 ఓమ్‌లు అనుకోండి. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. మీ గీజరు ఎంసీబీ 16ది. వెంటనే పడుతుందనుకుంటాం కదా? సీ రకం ఎంసీబీ వెంటనే కొట్టాలంటే దాని అంకెకి 5 నుంచి 10 రెట్లు రావాలి, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు. 23 ఆంపియర్లకి అది గంట దాకా తీసుకోవచ్చు. ఆ గంటా గీజరు ఒళ్లు కరెంటుతోనే ఉంటుంది. మీరు షవర్ కింద ఉంటారు.

మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే కథకి పక్కింటి కథ. బాల్కనీ సాకెట్ విప్పితే ఎర్త్ స్క్రూ తుప్పు పట్టి వదులైపోయి ఉంది. ఎర్త్ ఉండీ లేనట్టు. మెషీన్ మోటరు దగ్గర వైరు ఒకటి వానకి తడిసి బాడీకి కరెంటు కారుస్తోంది. తుప్పు స్క్రూ మీదుగా కొంచెం మాత్రమే భూమిలోకి పోతోంది. ఎంసీబీకి అది తెలియదు. తెలిసింది ఒక్క దానికే. ఆ వెడల్పాటి స్విచ్‌కి. మేము 300 ఇచ్చి తీయించేసిన దానికి.

దాని పేరు ఆర్‌సీసీబీ. మన షాపుల్లో ఇంకా ఈఎల్‌సీబీ అనే పాత పేరే వాడతారు. అది ఎలా పుట్టిందో చెప్తా, ఈ ఎపిసోడ్ చేసిందే దాని కోసం.

అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయన పట్టుకున్న ప్రశ్న ఇది: మనిషి తీగ పట్టుకుంటే, ఎంత కరెంటు దాకా తనంతట తానే వదిలేయగలడు? మన ఇంటి కరెంటు సెకనుకి 100 సార్లు దిశ మారుతుంది, వాళ్లది 120 సార్లు. ఆ ఊపుకి వేళ్ల కండరాలు బిగుసుకుంటాయి. మెదడు వదలమంటుంది, చెయ్యి వినదు. మనం "కరెంటు పట్టుకుని లాగేసింది" అంటాం కదా, లాగేది కరెంటు కాదు, మన కండరాలే. డాల్జీల్ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, చేతులు తడిపి, తీగ పట్టించి, కరెంటు కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు. వదల్లేకపోయిన చోట అంకె రాసుకున్నాడు. 134 మంది మగవాళ్లు, 28 మంది ఆడవాళ్లు. మగవాళ్ల సగటు 16 మిల్లీ ఆంపియర్లు. ఆడవాళ్ల సగటు 10.5.

10.5. ఆ అంకె చూశాక నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసేశా. అమ్మ ఎందుకు అరవలేకపోయిందో, డ్రమ్ము ఎందుకు వదల్లేకపోయిందో ఎవరో అరవై డెబ్భై ఏళ్ల కిందటే కొలిచి పెట్టారు.

కొలిచాక, దాన్ని పట్టుకునే యంత్రం కావాలి. ఆలోచన చాలా తేలిక. ఇంట్లోకి ఫేజు మీదుగా ఎంత వెళ్తే న్యూట్రల్ మీదుగా అంతే తిరిగి రావాలి. పాలవాడి లెక్కలాగా. రెండు వైర్లనీ ఒక అయస్కాంత రింగులోంచి దూరిస్తే, పోయేది వచ్చేది సమానమైనంత సేపు రింగు నిశ్శబ్దంగా ఉంటుంది. తేడా వచ్చిందంటే ఆ తేడా ఎక్కడికో కారుతోంది. గోడలోకో, భూమిలోకో, మనిషిలోకో. అప్పుడు రింగు మీది మూడో తీగచుట్టలో కరెంటు పుట్టి స్విచ్‌ని కొట్టేస్తుంది.

తేలికే, కానీ 60 ఆంపియర్ల ప్రవాహంలో 20 మిల్లీ ఆంపియర్ల తేడా పసిగట్టడం తేలిక కాదు. దాన్ని మొదట సాధించినవాళ్లలో ఒకాయన దక్షిణాఫ్రికాలో హెన్రి రూబిన్. అక్కడ బంగారు గనుల్లో షాకులతో జనం చనిపోయేవాళ్లు. 1955లో ఆయన గనుల కోసం చేసింది 250 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడేది. మరుసటి ఏడాదికే 20 లోపు పడేది తయారు చేశాడు. స్టిల్‌ఫాంటైన్ అనే గని ఊళ్లో కార్మికుల ఇళ్లలో వాటిని బిగించారు. ఇంచుమించు అదే కాలంలో ఆస్ట్రియాలో గాట్‌ఫ్రీడ్ బీగల్‌మయర్ అనే భౌతిక శాస్త్రవేత్త అదే దారిలో ఉన్నాడు. ఆయన షాకు ప్రయోగాలు తన ఒంటి మీదే చేసుకున్నాడు. 1961లో డాల్జీల్ అమెరికా రకం తయారు చేశాడు. అక్కడ 1975 కోడ్ నాటికి బాత్రూముల్లో తప్పనిసరి అయింది. అమెరికా వాళ్లది 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడుతుంది, చెయ్యి వదలగలిగే హద్దు అది. మిగతా ప్రపంచం, మనతో కలిపి, ఇళ్లకి 30 పెట్టుకుంది. 30 దగ్గర చెయ్యి బిగుసుకోవచ్చు, కానీ గుండె లయ తప్పేలోపే సెకనులో మూడో వంతు లోపల కట్ అయిపోతుంది. షాకు తగులుతుంది, ప్రాణం పోదు.

1882 నుంచి 1956 దాకా లెక్కపెట్టండి. ఇల్లు కాలకుండా ఏం చెయ్యాలో మొదటి ఏడాదే రాశారు. మనిషి చనిపోకుండా ఆపే వస్తువు రావడానికి 74 ఏళ్లు పట్టింది.

మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఇప్పుడు ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉంది. అయితే చిన్న లోడు కనెక్షన్లకి మినహాయింపు. ఇది నాకు మింగుడుపడదు. నాలుగు ఏసీలున్న ఇంట్లో ఎర్త్ ఎలాగూ ఉంటుంది. ఒక ఫ్యాను, రెండు లైట్లు, రేకుల కప్పు, ఇనుప దండెం ఉన్న ఇంటికే అది ముందు కావాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021 ఒక్క ఏడాదిలో విద్యుదాఘాతంతో 12 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎంతమంది చిన్న కనెక్షన్ల వాళ్లో ఆలోచించండి.

సరే, ఇప్పుడు ఫొటో తియ్యండి. బోర్డులో మిగతా వాటికంటే వెడల్పుగా, టీ అని గానీ టెస్ట్ అని గానీ రాసిన చిన్న బటన్ ఉన్న స్విచ్ ఉందా? దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.03 ఆంపియర్లు, అని ఉందా? ఉంటే అది మనుషుల కాపలా. లేకపోతే ఉన్నవన్నీ వైర్ల కాపలాలే. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించడానికి మొత్తం కలిపి ఒక మామూలు ఫోను ధరలో మూడో వంతు కూడా అవదు. ఓనర్ ఒప్పుకోకపోతే ఈ ఎపిసోడ్ పంపండి.

అది మాటిమాటికీ పడుతుంటే పాడైందని అనుకోకండి. ఎక్కడో కారుతోందని చెప్తోంది. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసి, ఎంసీబీలన్నీ దించి, ముందు దాన్ని లేపండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే లేపండి. ఏది లేపగానే పడిందో ఆ లైన్లో ఉంది దొంగ. లైన్లన్నీ నిలబడితే, పొడి చేతులతో, చెప్పులేసుకుని సామాన్లు ఒక్కొక్కటే దోపండి. ఎక్కువసార్లు గీజరో, వాటర్ హీటర్ రాడ్డో, బయట తడిసే మోటరో దొరుకుతుంది. దొరికిందాన్ని పక్కన పెట్టండి, విప్పకండి. ఏమీ దోపకుండానే పడుతుంటే గోడలో ఉంది లోపం, అది మన పని కాదు.

టెస్టర్ గురించి ఒక్క మాట. అది వెలగలేదు కదా అని తీగ పట్టుకోకండి, లోపలి నియాన్ పోయి ఉండొచ్చు. ముందు పనిచేస్తున్న సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, అప్పుడు అసలు చోట చూసి, మళ్లీ పనిచేసే చోట చూడాలి. సాకెట్లో రెండు కన్నాల్లోనూ వెలుగుతోందని, కానీ ఫ్యాను తిరగట్లేదని మా తమ్ముడు ఒకసారి భయపడిపోయాడు. అది దెయ్యం కాదు, న్యూట్రల్ తెగింది. ఇంకో రకం కూడా ఉంది: ఉన్నట్టుండి బల్బులు కళ్లు జిగేల్‌మనేలా వెలిగి, పక్కింట్లో మాత్రం మసగ్గా ఉంటే, వీధి లైన్లో న్యూట్రల్ పోయిందన్నమాట. వోల్టేజి ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఒక్క క్షణం ఆలోచించకుండా మెయిన్ కట్టేసి 1912కి ఫోన్ చెయ్యండి. పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయినా అంతే, ఆ కర్ర పట్టుకుని మీరు వెళ్లొద్దు, మీ నాన్నని వెళ్లనివ్వొద్దు.

బల్బు మార్చేటప్పుడు గోడ స్విచ్ ఆపితే చాలనుకుంటాం. పాత వైరింగుల్లో స్విచ్ న్యూట్రల్ మీద వేసి ఉంటే, స్విచ్ ఆపినా హోల్డర్లో ఫేజు ఉంటుంది. మెయిన్ ఆపడం నేర్చుకోండి. ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ మెయిన్ ఎక్కడుందో చూపించండి. ఎవరికైనా కరెంటు పట్టుకుంటే ముట్టుకోవద్దు, మెయిన్ కొట్టాలి. అది దొరక్కపోతే ఎండిన కర్రతో, ప్లాస్టిక్ కుర్చీతో మనిషిని తప్పించాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఛాతీ మీద నొక్కడం మొదలెట్టాలి.

ఆ రోజు నేను అమ్మని పట్టుకోబోయి ఎందుకు ఆగానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎనిమిదో తరగతి సైన్సు మాస్టారు చెప్పింది ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది.

కొత్త ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి, నొక్కగానే పడాలి, పడకపోతే మార్చాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ అమ్మది. ఒకటో తారీఖున పాలవాడి లెక్క చూశాక, "ఒరేయ్, కంప్యూటర్ ఆపుకో, ఒక్క నిమిషం కరెంటు పోతుంది" అని కేకేసి నొక్కుతుంది. మెషీన్ దగ్గరికి మాత్రం ఇప్పటికీ చెప్పులేసుకునే వెళ్తుంది. అక్కర్లేదమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. నేనూ చెప్పడం మానేశా.

ఉంటాను మరి.